అమెరికా నాణేల్లో వెండి ఉన్నవి ఏవి? కొత్తగా సేకరించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వచ్చిన కొత్తలో మనలో చాలామంది చిల్లరను పట్టించుకోరు. కార్డుతోనే పని జరిగిపోతుంది. ఎప్పుడైనా నోటు ఇస్తే తిరిగొచ్చిన నాణేలు వంటింట్లో ఏదో డబ్బాలో చేరతాయి. నేనూ అంతే. ఒకరోజు బట్టలుతికే మెషిన్‌లో వేయడానికి బ్యాంకు నుంచి తెచ్చుకున్న క్వార్టర్ల రోల్ విప్పాను. అందులో ఒక నాణెం మాత్రం మిగతావాటి పక్కన వేరుగా కనిపించింది. అంచు చుట్టూ తెల్లగా ఉంది, ఎర్ర గీత లేదు. సంవత్సరం చూస్తే 1962. పావు డాలర్ అనుకుని మెషిన్‌లో వేయబోయిన ఆ నాణెంలో అయిదున్నర గ్రాములకు పైగా స్వచ్ఛమైన వెండి ఉందని ఆ రాత్రి తెలిసింది. అప్పటి నుంచి స్నేహితులు, బంధువులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటి?

1964. డైమ్ (10 సెంట్లు), క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్ (50 సెంట్లు), ఈ మూడింటి మీద 1964 గానీ, అంతకు ముందు సంవత్సరం గానీ ఉంటే అందులో 90% వెండి, 10% రాగి. ఇంకేమీ చూడనక్కర్లేదు. పెద్ద డాలర్ నాణేలకైతే 1935, అంతకు ముందువి చూడాలి. పెన్నీలో (1 సెంటు) వెండి వాడలేదు. నికెల్‌లో (5 సెంట్లు) యుద్ధకాలంలో కొన్నేళ్లు మాత్రం వాడారు, ఆ సంగతి కింద చెప్తాను.

1964 తర్వాత కూడా వెండి నాణేలు ఉన్నాయి. కొత్తవాళ్లు తికమక పడేది, మోసపోయేది ఎక్కువగా అక్కడే.

1964 దగ్గరే ఎందుకు ఆగింది?

వెండి ధర పెరిగి, నాణెంలోని లోహం విలువ దాని ముఖ విలువను పట్టుకునే స్థితి వచ్చింది. ఔన్సు 1.29 డాలర్లకు చేరితే ఒక వెండి డాలర్‌లోని లోహమే డాలర్ విలువ చేస్తుంది. 1963లో ధర అక్కడికి వచ్చేసింది. డైమ్‌లు, క్వార్టర్లలో వెండి కొంచెం తక్కువ కాబట్టి వాటి హద్దు 1.38 డాలర్లు. ఆ హద్దు దాటితే జనం నాణేలు కరిగించుకుంటారు. అది జరగకముందే దాచుకోవడం మొదలైంది, దేశమంతా చిల్లర కొరత.

1965 జులై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం చేశారు. డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్‌లో 90 నుంచి 40 శాతానికి తగ్గింది. కొరత తీరే వరకు 1964 తేదీతోనే వెండి నాణేలు 1965లో కూడా ముద్రిస్తూ పోయారు. అందుకే 1964 నాణేలు అంత విరివిగా దొరుకుతాయి. పాతది కదా, అరుదైనది కదా అని దానికి వెండి ధర మించి ఎక్కువ పెట్టకండి.

అంచు చూసి ఎలా చెప్పాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. పరికరం అక్కర్లేదు, నాణేనికి దెబ్బ తగలదు.

1965 నుంచి వచ్చిన మామూలు డైమ్, క్వార్టర్లు మూడు పొరల నాణేలు. మధ్యలో స్వచ్ఛమైన రాగి, పైనా కిందా రాగి-నికెల్ మిశ్రమం. నాణేన్ని నిలబెట్టి అంచు చూస్తే ఇటుక రంగు గీత చుట్టూ కనిపిస్తుంది. 90% వెండి నాణెం మొత్తం ఒకే మిశ్రమం కాబట్టి అంచు కూడా ఒకే తెలుపు. పాతబడితే బూడిద రంగుకు తిరగొచ్చు, కానీ గీత ఉండదు.

క్వార్టర్ల రోల్‌లో 40 నాణేలుంటాయి. ఒక్కొక్కటీ తిప్పి సంవత్సరం చదవాల్సిన పని లేదు. కాగితం విప్పి, నాణేలు చెదరకుండా వరుసగా పడుకోబెట్టి, పక్క నుంచి వెలుతురులో చూడండి. ఎర్ర అంచుల మధ్య ఒక్క తెల్ల అంచు ఉన్నా కన్ను దాని మీదే ఆగుతుంది. అయితే నాణెం మురికిపట్టినా, చాలా అరిగినా రాగి గీత మసకబారుతుంది. అనుమానం వస్తే సంవత్సరం చదవండి.

తూకం వేస్తే తెలుస్తుందా?

తెలుస్తుంది. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ తూకం చాలు, నూరో వంతు చూపించేదైతే ఇంకా మంచిది.

వెండి డైమ్ 2.50 గ్రాములు, ఇప్పటి డైమ్ 2.27. వెండి క్వార్టర్ 6.25, ఇప్పటిది 5.67. హాఫ్ డాలర్‌లో 90% వెండిది 12.50, 40% వెండిది 11.50, వెండి లేనిది 11.34. బాగా అరిగిన వెండి నాణెం కొంచెం తక్కువ తూగుతుంది, దానికి కంగారు పడొద్దు. కానీ 1964 తేదీ ఉన్న క్వార్టర్ 5.7 గ్రాములే తూగితే అది ఆలోచించాల్సిన విషయమే.

1965 క్వార్టర్ వెండిది అని అమ్ముతున్నారు. నిజమేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. టంకశాలలో మిగిలిపోయిన వెండి బిళ్లల మీద పొరపాటున 1965 ముద్ర పడిన నాణేలు బహు కొద్దిగా బయటపడ్డాయి. వాటికి చాలా ధర పలుకుతుంది. అలాంటిది నిజమైతే 6.25 గ్రాములు తూగాలి, అంచులో రాగి గీత ఉండకూడదు. ఈ రెండూ సరిపోతేనే ఆశ పెట్టుకోండి. అప్పుడు కూడా పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి ధ్రువీకరణ సంస్థ చూసి తేల్చే వరకు డబ్బు ఇవ్వకండి.

కెనెడీ హాఫ్ డాలర్ల సంగతి ఎందుకు అంత గందరగోళం?

ఒకే బొమ్మతో మూడు రకాల లోహం వచ్చింది కాబట్టి. 1963 నవంబర్‌లో కెనెడీ హత్య జరిగింది. కొద్ది నెలల్లోనే, 1964 మార్చిలో, ఆయన బొమ్మతో హాఫ్ డాలర్ విడుదల చేశారు. జనం జ్ఞాపకంగా దాచుకున్నారు, వాడకంలోకి రానేలేదు. అందుకే ఈ రోజుకీ ఎవరి తాతగారి అలమారాలోంచో 1964 హాఫ్ డాలర్లు బయటికి వస్తూనే ఉంటాయి.

1964 నాణెంలో 90% వెండి. 1965 నుంచి 1970 వరకు 40%. 1971 నుంచి వాడకం కోసం ముద్రించినవాటిలో సున్నా. ఈ మధ్యలో ఉన్న 40% నాణేలనే చాలామంది వదిలేస్తుంటారు. అమ్మేవాళ్లకీ వాటి మీద గౌరవం తక్కువ. కానీ ఒక్కోదానిలో 4.6 గ్రాముల వెండి ఉంటుంది, అది రెండు వెండి డైమ్‌లలో ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువే.

40% నాణెం అంచు కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. అదీ పొరల నాణెమే, కానీ లోపలి పొరలో కూడా 21% దాకా వెండి కలిసి ఉంటుంది. కాబట్టి ముదురు ఎర్ర గీతకు బదులు వెలిసిన రంగు గీత పలచగా కనిపించవచ్చు. దాన్ని చూసి వెండి కాదనుకుని ఖర్చు పెట్టేసినవాళ్లను నేను చూశాను. హాఫ్ డాలర్ విషయంలో అంచు కన్నా సంవత్సరాన్నే నమ్మండి.

1970 తేదీ ఉన్న హాఫ్ డాలర్ కనిపిస్తే పక్కన పెట్టండి. ఆ ఏడాది దాన్ని వాడకంలోకి విడుదల చేయలేదు, సేకరించేవాళ్లకు అమ్మిన సెట్లలో మాత్రమే ఇచ్చారు.

నేను మొదటి ఏడాది ఒక వారాంతపు సంతలో బాగా పాలిష్ చేసిన 1971 హాఫ్ డాలర్ వెండి ధరకు కొన్నాను. అమ్మినాయన కెనెడీ నాణేలన్నీ వెండివే అన్నాడు. సంవత్సరం చదవగలిగి కూడా, దాని అర్థం తెలియక నష్టపోయాను. మీకు అలా జరగకూడదనే ఈ భాగం ఇంత పొడుగ్గా రాశాను.

"1776-1976" అని రెండు సంవత్సరాలున్న నాణేలు వెండివా?

అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన సందర్భంగా క్వార్టర్, హాఫ్, డాలర్ నాణేల బొరుసు వైపు బొమ్మలు మార్చారు. క్వార్టర్ మీద డప్పు కొట్టే సైనికుడు, హాఫ్ మీద ఇండిపెండెన్స్ హాల్, డాలర్ మీద చంద్రుడి ముందు లిబర్టీ గంట. మామూలుగా చేతికి వచ్చేవాటిలో వెండి లేదు. సేకరించేవాళ్ల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించి, మూడు నాణేల సెట్లుగా అమ్మిన వాటిలో 40% వెండి ఉంది. వాటి మీద "ఎస్" అక్షరం ఉంటుంది. కానీ వెండి లేని ప్రూఫ్ నాణేల మీద (అద్దంలా మెరిసేలా సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టినవి) కూడా అదే "ఎస్" ఉంది. డాలర్‌ను తూకం తేల్చేస్తుంది: వెండిది 24.59 గ్రాములు, లేనిది 22.68. క్వార్టర్‌లో తేడా 0.08 గ్రాములే కాబట్టి చిన్న తూకాన్ని నమ్మలేం. అంచులో రాగి రంగు కొట్టొచ్చినట్టు ఉంటే వెండి కాదు.

నికెల్‌లో వెండి అంటున్నారు, అదెలా?

రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకు కావాల్సి వచ్చింది. అందుకని 1942 అక్టోబర్ నుంచి 1945 చివరి వరకు 5 సెంట్ల నాణెంలో నికెల్ తీసేసి, 56% రాగి, 35% వెండి, 9% మాంగనీసు కలిపారు. పేరుకు నికెలే, లోపల నికెల్ లేదు.

వీటిని గుర్తుపట్టడం నిజానికి అన్నిటికన్నా తేలిక. బొరుసు వైపు జెఫర్సన్ ఇల్లు మాంటిసెల్లో ఉంటుంది. దాని గోపురం పైన పెద్ద అక్షరంతో "పి", "డి" లేదా "ఎస్" (ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలల గుర్తులు) ఉంటే వెండి నాణెం. యుద్ధం తర్వాత ఈ నాణేలను ఏరి తీసేయడానికి వీలుగా టంకశాల వాళ్లే ఆ గుర్తు పెట్టారు. అమెరికా నాణెం మీద ఫిలడెల్ఫియాకు "పి" అక్షరం రావడం అదే మొదటిసారి. తూకం ఇక్కడ పనికిరాదు, రెండు రకాలూ 5 గ్రాములే.

1942 తేదీ ఒక్కటే చూసి సంబరపడొద్దు. ఆ ఏడాది ఫిలడెల్ఫియా రెండు రకాలూ ముద్రించింది, డెన్వర్‌లో వెండివి ముద్రించనేలేదు. గోపురం పైన అక్షరం చూశాకే లెక్క. 1944 తేదీ ఉండి గోపురం పైన అక్షరం లేకపోతే మాత్రం అది దొంగ నాణెం. న్యూజెర్సీలో ఒకతను అయిదు సెంట్ల నాణేన్ని కూడా దొంగగా ముద్రించాడు, ఆ అక్షరం పెట్టడం మర్చిపోయి దొరికిపోయాడు. ఇప్పుడు ఆ దొంగ నాణేలను కూడా సేకరిస్తున్నారు.

డాలర్ నాణేల్లో ఏవి?

మోర్గాన్ డాలర్ (1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921), పీస్ డాలర్ (1921 నుంచి 1928 వరకు, మళ్లీ 1934, 1935), రెండూ 90% వెండి. 26.73 గ్రాముల తూకం, 38.1 మిల్లీమీటర్ల వ్యాసం. 2021లో ఈ రెండు బొమ్మలతో సేకరించేవాళ్ల కోసం మళ్లీ ముద్రించారు, వాటిలో 99.9% వెండి.

1971 నుంచి 1978 వరకు వచ్చిన ఐసెన్‌హోవర్ డాలర్ చూడ్డానికి అంతే పెద్దది, కానీ మామూలువాటిలో వెండి లేదు. 1971 నుంచి 1974 వరకు నీలం కవర్లో, గోధుమరంగు పెట్టెలో పెట్టి అమ్మిన "ఎస్" నాణేల్లో 40% ఉంది. 1973, 1974లో వెండి లేని "ఎస్" ప్రూఫ్‌లు కూడా వచ్చాయి కాబట్టి కవరు, పెట్టె లేకపోతే తూకం వేయండి, తూకాలు పైన 1776-1976 డాలర్‌కు చెప్పినవే.

సూసన్ ఆంథొనీ డాలర్, బంగారు రంగులో ఉండే సకగావియా డాలర్, అధ్యక్షుల డాలర్లు, వీటిలో వెండి లేదు.

"ఎస్" ఉంటే వెండి అనుకోవచ్చా?

అనుకోకూడదు. "ఎస్" అంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించారని మాత్రమే అర్థం. 1968 నుంచి ప్రూఫ్ నాణేలు అక్కడే తయారవుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం వెండి లేనివే.

1992 నుంచి టంకశాల వెండి ప్రూఫ్ సెట్లను విడిగా అమ్ముతోంది. వాటిలో డైమ్, క్వార్టర్, హాఫ్ డాలర్ 90% వెండి, 2019 నుంచి 99.9%. అదే సెట్‌లోని పెన్నీ, నికెల్ మాత్రం మామూలువే. 1999 నుంచి 2008 వరకు వచ్చిన యాభై రాష్ట్రాల క్వార్టర్లు దాచుకున్నవాళ్లు చాలామంది అడుగుతుంటారు. దుకాణంలో చిల్లరగా వచ్చినవైతే వెండి లేదు, వెండి ప్రూఫ్ సెట్లలోవైతే ఉంది. విడిగా దొరికిన మెరిసే "ఎస్" క్వార్టర్‌కి అంచే సాక్ష్యం.

2019, 2020లో "డబ్ల్యూ" అక్షరంతో వెస్ట్‌పాయింట్ క్వార్టర్లు చిల్లరలోకి వదిలారు. అరుదు కాబట్టి 25 సెంట్ల కన్నా ఎక్కువ పలుకుతాయి, కానీ వెండి మాత్రం లేదు.

సిల్వర్ ఈగిల్ మీద ఒక డాలర్ అని ఉంది. దాని విలువ డాలరేనా?

చట్టప్రకారం ముఖ విలువ అంతే. కానీ 1986 నుంచి ముద్రిస్తున్న ఈ నాణెంలో ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాముల 99.9% వెండి ఉంటుంది. దుకాణంలో ఖర్చు పెట్టడానికి చేసింది కాదు. స్మారక డాలర్లు కూడా వెండివే, 1983-84 ఒలింపిక్స్ డాలర్లు 90%. స్మారక హాఫ్ డాలర్లలో 1982 జార్జ్ వాషింగ్టన్‌ది 90% వెండి, 1986 లిబర్టీ విగ్రహానిది కాదు.

అయస్కాంతం, చప్పుడు లాంటి పరీక్షలు పనిచేస్తాయా?

అయస్కాంతం ఒక్క పనికి పనికొస్తుంది. అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోకపోతే వెండి అని కాదు, ఎందుకంటే మామూలు క్వార్టర్ కూడా అతుక్కోదు. చప్పుడు పరీక్ష బాగుంటుంది: బల్ల మీద కొంచెం ఎత్తు నుంచి వదిలితే వెండి నాణెం గజ్జె మోగినట్టు సాగదీసి మోగుతుంది, రాగి-నికెల్‌ది మొద్దుగా ఆగిపోతుంది. అరిగిన నాణేలతోనే ఇది చేయండి, ప్రూఫ్ నాణెంతో వద్దు. గీటురాయి మీద గీయించడం, యాసిడ్ చుక్క వేయడం, ఈ రెండూ సేకరణ విలువను చంపేస్తాయి.

రంగు, మెరుపు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. పెళ్లిళ్లలో బహుమతిగా ఇచ్చే జర్మన్ సిల్వర్ మనకు తెలిసిందే. పేరులో సిల్వర్ ఉంది, లోహంలో రాగి, నికెల్, జింక్ మాత్రమే. ఇప్పటి క్వార్టర్ తెలుపు కూడా నికెల్ తెలుపే.

నా దగ్గరున్న వెండి విలువ ఎలా లెక్కవేయాలి?

గ్రాముల్లో లెక్క వేసుకుంటే మనకు సులువు. 90% నాణేల్లో స్వచ్ఛమైన వెండి డైమ్‌లో 2.25 గ్రాములు, క్వార్టర్‌లో 5.62, హాఫ్‌లో 11.25, పెద్ద డాలర్‌లో 24.06. యుద్ధకాలపు నికెల్‌లో 1.75. పది డైమ్‌లైనా, నాలుగు క్వార్టర్లయినా, రెండు హాఫ్‌లైనా ముఖ విలువ డాలర్‌కు 22.5 గ్రాములు వస్తుంది. అరుగుదల తీసేసి వ్యాపారులు 22.2 చొప్పున లెక్కిస్తారు.

అమెరికాలో వెండి ధర ట్రాయ్ ఔన్సుకు చెప్తారు. దాన్ని 31.1తో భాగిస్తే గ్రాము ధర. లెక్క కోసం గ్రాము ఒక డాలర్ అనుకుందాం, అప్పుడు 1962 క్వార్టర్‌లోని వెండి 5.62 డాలర్లు. కొనే దుకాణం తన లాభం చూసుకుని కొంచెం తక్కువ ఇస్తుంది, అది మామూలే. అమ్మేముందు తేదీ, అక్షరం మాత్రం సరిచూసుకోండి. 1932లో డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో ముద్రించిన క్వార్టర్లు, 1916 డెన్వర్ మెర్క్యురీ డైమ్, 1893 శాన్‌ఫ్రాన్సిస్కో మోర్గాన్, ఇవి వెండి ధరకు ఎన్నో రెట్లు పలికే నాణేలు.

నల్లబడ్డాయి, తోమొచ్చా?

దయచేసి తోమకండి. పండగ ముందు వెండి కుందులు, పళ్లేలు చింతపండుతోనో, విభూతితోనో తోమే అలవాటు మన చేతుల్లో ఉంది. కుందికి అది మంచిదే, నాణేనికి కాదు. పైపొర గీసుకుపోయి సహజమైన మెరుపు పోతుంది, తెలిసినవాళ్లు ఒక్క చూపులో కనిపెట్టి ధర తగ్గిస్తారు. మా అత్తగారు ప్రేమతో 1921 మోర్గాన్ డాలర్‌ను టూత్‌పేస్ట్‌తో తళతళలాడేలా తోమిపెట్టారు. ఆవిడ ఇచ్చిన జ్ఞాపకంగా దాన్ని ఎప్పటికీ అమ్మను, కానీ సేకరణలో దాని విలువ పోయింది. వెండి నల్లబడటం గాలిలోని గంధకం వల్ల, అది పాడైపోవడం కాదు. అంచులు పట్టుకుని ఎత్తండి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, కాలం గడిచేకొద్దీ ఆకుపచ్చ జిగురు పడుతుంది.

చిల్లరలో ఇంకా దొరుకుతాయా?

తక్కువగా, కానీ దొరుకుతాయి. బ్యాంకులో హాఫ్ డాలర్ రోల్స్ అడగండి, ఒక్కో రోల్‌లో 20 నాణేలు, పది డాలర్లు. ఏమీ దొరక్కపోతే తిరిగి జమ చేసేయొచ్చు, నష్టం లేదు. యుద్ధకాలపు నికెల్స్ కోసం నికెల్ రోల్స్ చూడండి, ముదురు బూడిద రంగులో మురికిగా కనిపించేవాటిని తిప్పి చూడటం మర్చిపోవద్దు. సూపర్ మార్కెట్లో చిల్లర లెక్కపెట్టే మెషిన్ ఉంటే అది తిప్పికొట్టిన నాణేలు పడే గిన్నెను ఓసారి చూడండి. వెండి నాణేల బరువు వేరు కాబట్టి మెషిన్ కొన్నిసార్లు వాటిని ఒప్పుకోదు.

కొనేటప్పుడు దేనికి జాగ్రత్త పడాలి?

నకిలీలు ఎక్కువగా మోర్గాన్ డాలర్లలో, సిల్వర్ ఈగిల్స్‌లో వస్తాయి. తూకం, వ్యాసం రెండూ కలిపి చూడండి. ఈగిల్ అయితే 31.1 గ్రాములు, 40.6 మిల్లీమీటర్లు. తూకం సరిపెట్టడానికి నకిలీని మందంగా చేస్తారు, అందుకే రెండూ చూడాలి. నాణెంలా ఉండి "100 మిల్స్" అని రాసున్న బిళ్లలు వెండి పూత వేసినవి, ముద్దగా వెండి కాదు. వెండి ధర కన్నా బాగా తక్కువకు ఇస్తానంటే అక్కడి నుంచి వచ్చేయండి.

మా పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన నాణేలు ఊళ్లో ఉన్నాయి. కంసాలికి ఇవ్వొచ్చా?

ఇచ్చే ముందు పైన చెప్పిన తేదీలతో ఏరండి. 1964, అంతకు ముందువి ఉంటే కరిగించడానికి ఇవ్వకండి, కరిగితే తేదీ, అక్షరం అన్నీ పోతాయి. మరీ అనుమానంగా ఉంటే, కొన్ని నగల దుకాణాల్లో యంత్రం మీద పెట్టి లోహం శాతం చూపిస్తారు. దానివల్ల నాణేనికి గీత కూడా పడదు.

తెల్లగా ఉన్న 1943 పెన్నీ వెండిదేనా?

కాదు. యుద్ధంలో రాగి ఆదా చేయడానికి ఉక్కుతో చేసి జింక్ పూత వేశారు. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది.

రాణి బొమ్మ ఉన్న డైమ్ ఒకటి దొరికింది, అదేంటి?

కెనడాది, అమెరికా చిల్లరలో కలిసిపోతుంటాయి. తేదీ 1966 గానీ అంతకు ముందు గానీ అయితే పారేయకండి, అందులో కనీసం 80% వెండి ఉంది.